ఆట మానేసిన ఫుట్‌బాలర్ పిల్లల దగ్గరికి వెళ్లే ముందు

పదమూడేళ్లు జీతానికి ఫుట్‌బాల్ ఆడాను, ఎడమవైపు డిఫెండర్‌గా. 32 ఏళ్లప్పుడు కుడి మోకాలి లిగమెంటు రెండోసారి తెగింది. డాక్టరు పెదవి విరిచారు. ఏడాదిన్నర ఇంట్లో అందరినీ విసిగించాక, ఓ ఆదివారం దగ్గరలోని మైదానానికి పిల్లలకు ఆట నేర్పుతానని బయల్దేరాను. ఇప్పటికి తొమ్మిదేళ్లు. నాలాగే బూట్లు అటకెక్కించి, ఊరికే ఉండలేకపోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి రోజు 26 మంది పిల్లలు వచ్చారు. నా దగ్గర ఒక బంతి, ఒక తెల్ల బోర్డు ఉన్నాయి. బోర్డు మీద బాణాలు గీసి, ప్రత్యర్థిని ఎక్కడ కాచుకోవాలో ఇరవై నిమిషాలు చెప్పాను. తర్వాత పొడవాటి పాస్ ఎలా కొట్టాలో చూపించాను. బ్రహ్మాండంగా కొట్టాను కూడా, చప్పట్లు మోగాయి. మరుసటి వారం తొమ్మిది మందే వచ్చారు. ఇంటికెళ్లి ఆలోచిస్తే తేలింది: ఆ గంటలో బంతిని అందరికంటే ఎక్కువసార్లు తన్నింది నేనే.

అందుకే ముందు బంతులు పోగేయండి. ఇద్దరికి ఒకటి లేనిదే మొదలుపెట్టకండి. పాతవైనా ఫరవాలేదు కానీ సైజు తప్పకూడదు: ఎనిమిదేళ్ల లోపువాళ్లకు 3, పన్నెండేళ్ల వరకు 4, ఆపైన 5. సైజు 5 బంతి 410 నుంచి 450 గ్రాముల బరువుంటుంది; ఆరేళ్ల పాదానికి అది బండరాయే. గాలి కొట్టేటప్పుడు సూదిని పొడిగా గుచ్చితే లోపలి వాల్వు చిరుగుతుంది. ఒక చుక్క గ్లిజరిన్ రాసి, నిటారుగా పట్టుకుని, మెల్లగా తిప్పుతూ దించండి. బొటనవేలితో నొక్కితే బంతి కాస్త లొంగాలి. నేను ఆడినన్నాళ్లూ ఈ పని ఎవరో చేసిపెట్టేవారు. ఎవరో కూడా ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు సిగ్గేస్తుంది.

పిల్లలను వరుసలో నిలబెట్టకండి. వరుసలో పన్నెండోవాడికి బంతి అందేసరికి మొదటివాడు గడ్డి పీకుతుంటాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టే నలుగురేసి జట్లుగా చిన్న చిన్న స్థలాల్లో ఆడనివ్వండి. కాసేపు నోరు మూసుకుని చూస్తే, ఆ రోజు ఏం నేర్పాలో వాళ్లే చూపిస్తారు. అందులో ఒక్కటే ఎంచుకోండి. 14 ఏళ్లు దాటినవాళ్లుంటే, గాయాలు తగ్గించడానికి ఫిఫా తయారుచేయించిన '11 ప్లస్' వార్మప్ ముందుగా చేయించండి. దానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది.

మన దగ్గర నిజంగా పనికొచ్చే సరుకు ఏమిటంటే, చూసేవాళ్లకు కనబడని అలవాట్లు. ఉదాహరణకు, బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడటం. దాన్ని ఎంత చెప్పినా రాదు, ఆటగా మారిస్తే వస్తుంది. పాస్ అందుకునేవారికి పది అడుగుల వెనక ఒకరు నిలబడి, బంతి దారిలో ఉండగా కొన్ని వేళ్లు ఎత్తాలి. పాస్ అందుకునేవారు వెనక్కి చూసి, బంతి కాలికి తగిలేలోపు ఎన్ని వేళ్లో అరిచి చెప్పాలి. రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడని ఒక అమ్మాయి నోట నేను విన్న మొదటి మాట "మూడు!". వేళ్లు ఎత్తింది నేను. నిజానికి నాలుగు.

తలతో కొట్టడం మాత్రం నేర్పకండి. 2015లో అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య పదేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలకు దాన్ని వద్దంది. 2020లో ఇంగ్లండ్ సమాఖ్య కూడా ప్రాథమిక పాఠశాల పిల్లల సాధనలోంచి తీసేయమంది. ఇంగ్లండ్ స్ట్రైకర్ జెఫ్ ఆస్ల్ 2002లో 59 ఏళ్లకే చనిపోయినప్పుడు, ఏళ్ల తరబడి తలతో బంతి కొట్టడం వల్ల మెదడు దెబ్బతిని వచ్చిన వృత్తి వ్యాధే కారణమని విచారణాధికారి తేల్చారు. తాళంచెవి ఎక్కడ పెట్టానో మరిచిపోయిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తారు. పిల్లల తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, ఆ రోజుకు ఆట ఆపించి డాక్టరుకు చూపించమనండి.

మైదానంలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కదిలించే గోల్‌పోస్టులను నేలకు బిగించండి, అవి మీద పడి పిల్లలు చనిపోయిన సందర్భాలున్నాయి. ఉరుము వినబడితే అందరినీ భవనంలోకి పంపి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

ఇక మన పేరు సంగతి. అది రెండు వారాలు పనిచేస్తుంది. మూడో వారం నుంచి తండ్రులు పక్కకు పిలిచి, "మావాడు పైకొస్తాడంటారా?" అని అడుగుతారు. జోస్యం చెప్పకండి. నేను ఒకసారి నోరు జారాను. పదకొండేళ్ల కుర్రాడు, ఎడమ కాలు చక్కగా ఆడేది; "వీడిలో విషయం ఉంది" అని వాళ్లమ్మతో అన్నాను. ఆమె వాణ్ని ఒక క్లబ్బు ఎంపికలకు తీసుకెళ్లింది. తీసుకోలేదు. ఆ తర్వాత వాడు మైదానానికే రాలేదు. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. రెండోసారి వాడు లోపలి గదిలోంచి బయటికి రాలేదు. ఇప్పుడు ఎవరడిగినా, "ఈ వారం ఎడమ కాలితో నాలుగు మంచి పాస్‌లు ఇచ్చాడు" అని చూసింది మాత్రమే చెబుతాను.

రోజూ వెళ్తానని ఆర్భాటంగా మొదలుపెట్టకండి. వారానికి ఒక్క రోజు, ఒకే వేళకు వెళ్లండి, అది మాత్రం తప్పకండి. మోకాలు మొరాయించిన రోజు స్టూలు మీద కూర్చునే చేయిస్తాను. పెద్ద పిల్లలకు పనులు అప్పగించండి. పంపు, సూదులు, గ్లిజరిన్ సీసా ఉన్న సంచి ఇప్పుడు "మూడు!" అన్న ఆ అమ్మాయి దగ్గరే ఉంటుంది, తనకు పదిహేడేళ్లు. కిందటి నెల నేను పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లేసరికి ఆట మొదలైపోయింది. నన్ను చూసి, అవతలి మూల కోన్లు సరిగా లేవని, వెళ్లి సర్దమని చెప్పింది.