చలిదేశాలకు వెళ్ళే మన పిల్లలకు: పైపుల్లో నీళ్ళు గడ్డకడితే

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి ఏటా ఆగస్టులో కొందరు, జనవరిలో కొందరు పిల్లలు పెట్టెలు సర్దుకుని అమెరికాకో కెనడాకో బయలుదేరుతుంటారు. రాజాంలోనైనా, టెక్కలిలోనైనా, బొబ్బిలిలోనైనా ఆ వారం రోజులూ ఇంట్లో ఒకటే మాట: స్వెట్టర్లు ఎన్ని, బూట్లు ఎలాంటివి, ఆవకాయ ఎంత, కుక్కరు మూడు లీటర్లదా అయిదు లీటర్లదా అని. ఒంటికి చలి తగలకుండా ఏం చేయాలో చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. ఇంటికి చలి తగిలితే ఏమవుతుందో చెప్పేవాళ్ళు కనబడరు. చాలా ఏళ్ళు మిషిగన్‌లో ఉండి విజయనగరం తిరిగి వచ్చిన నేను, సలహా అడగడానికి వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ మొదట చెప్పేది ఇదే. అద్దె ఇంటి తాళం చేతికి రాగానే, పెట్టె విప్పక ముందే, నీళ్ళ మెయిన్ వాల్వు ఎక్కడుందో చూడండి. చేత్తో ఒకసారి మూసి తెరిచి చూడండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకుండా ఆ రోజే ఇంటి యజమానికి రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. మన ఇళ్ళలో నీళ్ళు మేడమీది ట్యాంకు నుంచి దిగుతాయి. పైపు పగిలితే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కారి ఆగిపోతుంది. మోటారు వేయకపోతే ఆ తరవాత చుక్క రాదు. అక్కడి ఇళ్ళకు మేడమీద ట్యాంకు ఉండదు. వీధి కింద ఉన్న పెద్ద గొట్టం నుంచి నీళ్ళు నేరుగా, రాత్రీ పగలూ ఒత్తిడితో ఇంట్లోకి వస్తూనే ఉంటాయి. అంగుళంలో ఎనిమిదో వంతు పగులు నుంచి రోజుకు 250 గ్యాలన్ల దాకా నీళ్ళు పోవచ్చని బీమా సంస్థలు తరచూ చెబుతుంటాయి. అంటే దాదాపు 950 లీటర్లు. మన వెయ్యి లీటర్ల ట్యాంకు రోజుకొకటి చొప్పున ఇంట్లో కుమ్మరించినట్టే. వాల్వు మూసేదాకా అది ఆగదు.

చలి ఎక్కువ ఉండే ఊళ్ళలో ఈ వాల్వు సాధారణంగా బేస్‌మెంట్‌లో, అంటే ఇంటి కింద నేలలోపల ఉండే గదిలో, వీధి వైపు గోడ దగ్గర, మీటరు పక్కన ఉంటుంది. టెక్సస్ లాంటి చోట్ల గరాజులోనో, ఇంటి ముందు నేలలో మూత వేసిన పెట్టెలోనో ఉంటుంది. అపార్ట్‌మెంట్ అయితే ఆఫీసులో అడగండి, మీ ఒక్క ఇంటికి వాల్వు ఉందో, భవనమంతటికీ కలిపి ఒకటే ఉందో తెలుసుకోండి. చక్రంలా ఉంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే మూసుకుంటుంది. పిడి ఉన్న రకమైతే పిడి పైపుకు అడ్డంగా వస్తే మూసినట్టు. అగ్నిమాపక పైపుల వాల్వులు మాత్రం ముట్టుకోవద్దు.

ఇక పైపు ఎందుకు పగులుతుందో తెలుసుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం పెరుగుతుంది. అయితే మంచు కట్టిన చోటే పైపు పగులుతుందనుకోవడం పొరపాటు. పైపులో ఒకచోట మంచు బిరడాలా అడ్డుపడి పెరుగుతూ, మూసి ఉన్న కుళాయి వైపు నీటిని నెడుతుంది. ఆ మధ్యలో చిక్కిన నీటికి పోయే దారి ఉండదు. ఒత్తిడి పెరిగి పెరిగి బలహీనమైన చోట పైపు చీలుతుంది. కుళాయి కొంచెం తెరిచి ఉంటే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. చలి రాత్రుల్లో కుళాయిని సన్నని ధారగా వదలమని చెప్పడం అందుకే. నీళ్ళు వృథా చేయకూడదని చిన్నప్పటి నుంచి విన్న మనకు అది తప్పుగా తోస్తుంది. ఆ ఒక్క రాత్రికి అది తప్పు కాదు. కింద బకెట్టు పెట్టుకుంటే మర్నాడు వాడుకోవచ్చు కూడా.

గడ్డకట్టి ఉన్నంతసేపూ పగిలిన పైపు కారదు. మంచే దానికి అడ్డు. కరిగినప్పుడే అసలు నష్టం మొదలవుతుంది. పొద్దున కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు, సాయంత్రానికి వస్తాయిలే అని క్లాసుకు వెళ్ళిపోయినవాళ్ళు, తిరిగొచ్చేసరికి ఇల్లంతా నీళ్ళు చూసిన సందర్భాలు ఎన్నో. కుళాయిలో నీళ్ళు రాని పొద్దున ఇంట్లో ఎవరో ఒకరు ఉండి తీరాలి.

ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనను బట్టి, చలి రక్షణ సరిగా లేని పైపులకు బయటి గాలి 20 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 7 సెల్సియస్‌కు దిగితే ప్రమాదం మొదలవుతుందని లెక్క. గోడలో సందుల గుండా గాలి కొట్టే చోట అంతకన్నా ముందే గడ్డకట్టవచ్చు.

"మేము డల్లాస్ వెళ్తున్నాం, అక్కడ చలి తక్కువ" అనేవాళ్ళకు ఈ విషయం మరీ ముఖ్యం. మిషిగన్, మిన్నెసోటా ఇళ్ళను చలిని దృష్టిలో పెట్టుకునే కడతారు. నీళ్ళ గొట్టాలను నేలలో లోతుగా, వెచ్చటి బేస్‌మెంట్ గుండా తెస్తారు. అమెరికా దక్షిణాది ఇళ్ళలో అదే గొట్టం కప్పు కింద అటకలో, బయటి గోడల్లో నడుస్తుంది. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. టెక్సస్‌లో లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. ఇంటిని వెచ్చబరిచే గ్యాసు హీటరు ఉన్నా, వేడిగాలిని ఊదే ఫ్యాను నడవాలంటే కరెంటు కావాలి. ఇళ్ళు చల్లబడి పైపులు వరసగా పగిలాయి.

అటువంటి రోజున మన జిల్లాలవాళ్ళకు తెలిసిన పద్ధతే పనికొస్తుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఇళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు మీరు. తుఫాను హెచ్చరిక రాగానే ఉద్దానంలో అమ్మ ఏం చేస్తుంది? బిందెలు, గంగాళాలు, బకెట్లు అన్నీ నింపి పెడుతుంది. అక్కడా మంచు తుఫాను హెచ్చరిక వినగానే ఉన్న గిన్నెలన్నీ నింపండి. కరెంటు పోయి ఇల్లు చల్లబడుతుంటే, ముందు నీళ్ళ హీటరు ఆపండి, తరవాత మెయిన్ వాల్వు మూయండి, పై అంతస్తు నుంచి కింద దాకా కుళాయిలన్నీ తెరిచి, టాయిలెట్లలో నీళ్ళు వదిలేయండి. ఖాళీ పైపు గడ్డకట్టదు. వేడి కోసం కుంపటి, బొగ్గుల పొయ్యి ఇంట్లో వెలిగించే ఆలోచనే చేయవద్దు. తలుపులన్నీ బిగించి ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. ఆ వారం టెక్సస్‌లో ఇలా మరణించినవారున్నారు.

మామూలు రోజుల జాగ్రత్తల్లో మన వంటింటి అలవాట్లు కొన్ని అడ్డం వస్తాయి. అక్కడి గోడలు మన ఇటుక గోడల్లాంటివి కావు. చెక్క చట్రానికి రెండువైపులా పలకలు కొట్టి, మధ్యలో దూది లాంటి పదార్థం నింపుతారు. పైపులు ఆ సందులోనే నడుస్తాయి. వంటింటి సింకు సాధారణంగా కిటికీ కింద, బయటి గోడకు ఆనుకుని ఉంటుంది. దాని కింది అలమరలో మనం బియ్యం బస్తా, పెద్ద కుక్కరు, నూనె డబ్బాలు కుక్కి తలుపు వేస్తాం. గదిలోని వెచ్చదనం పైపు దాకా చేరదు. పైగా పోపు ఘాటు పోవడానికి తెరిచిన కిటికీ రాత్రంతా అలాగే ఉండిపోతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ అలమరలో సామాను తగ్గించండి, చలి రాత్రుల్లో దాని తలుపులు బార్లా తెరిచి ఉంచండి. చిన్నపిల్లలుంటే శుభ్రం చేసే మందులు అక్కడి నుంచి తీసేయండి. గరాజులో పొయ్యి పెట్టుకుని చేపల పులుసు వండే కుటుంబాలు మన వాళ్ళలో చాలా ఉన్నాయి. ఆ గరాజు గోడలో నీళ్ళ పైపు ఉంటే, వంట కాగానే పెద్ద తలుపు దించేయాలి.

తోటకు నీళ్ళు పెట్టే బయటి కుళాయి సంగతి దీపావళి నాటికే ముగించాలి. రబ్బరు గొట్టం విప్పండి, లోపలి వైపు దాని వాల్వు మూయండి, బయటి కుళాయి తెరిచి మిగిలిన నీళ్ళు కార్చి అలాగే తెరిచి ఉంచండి. బేస్‌మెంట్‌లో బయటికి కనిపించే పైపులకు ఫోమ్ తొడుగులు వేయవచ్చు. తొడుగు వేడిని పుట్టించదు, ఉన్న వేడిని కాసేపు పట్టి ఉంచుతుంది, అంతే. వేడే లేని చోట హీట్ కేబుల్, అంటే పైపుకు చుట్టే కరెంటు వేడి తీగ, కావాలి. దాన్ని ఒకదానిమీద ఒకటి పడేలా చుడితే కాలిపోయే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది సెలవుల్లో. ఊరెళ్తున్నామంటే ఫ్యాన్లు, లైట్లు, చివరికి మెయిన్ స్విచ్ కూడా ఆపి తాళం వేయడం మనకు చిన్నప్పుడే అబ్బిన బుద్ధి. మా వైపు పిల్లలు కొందరు ఒహాయోలో పాత ఇల్లొకటి అద్దెకు తీసుకున్నారు. క్రిస్మస్ సెలవులకు స్నేహితుల ఇంటికి వెళ్తూ, గ్యాసు బిల్లు మిగులుతుందని హీటరు ఆపేశారు. తిరిగి వచ్చి తలుపు తీస్తే, పైఅంతస్తు స్నానాలగది పైపు నుంచి కారిన నీటికి కింద హాలు కప్పు పొట్టలా ఉబ్బి వేలాడుతోంది. కార్పెట్ మీద అడుగు వేస్తే చీలమండ దాకా తడి. ఒకబ్బాయి పుస్తకాలూ సర్టిఫికెట్లూ నేలమీది పెట్టెలో ఉండిపోయాయి. ఊరెళ్ళేటప్పుడు థర్మోస్టాట్‌ను, అంటే ఇంట్లో ఎంత వేడి ఉండాలో నిర్ణయించే మీటను, 55 ఫారన్‌హీట్, అంటే 13 సెల్సియస్ కంటే దించవద్దు. ఆపవలసింది కరెంటు కాదు, నీళ్ళు. మెయిన్ వాల్వు మూసి, కుళాయిలు తెరిచి నీళ్ళు దించి వెళ్ళండి. బేస్‌మెంట్ గదిలో ఉండేవాళ్ళు పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు ఎప్పుడూ నేలకు ఎత్తుగా, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి.

ఇంత చేసినా ఒక పొద్దున కుళాయి తిప్పితే నీళ్ళు దారంలా వచ్చి ఆగిపోయాయనుకోండి. మిగతా కుళాయిలు తిప్పి చూడండి. అవి వస్తుంటే అడ్డు ఈ ఒక్క దారిలోనే ఉంది. సింకు కింద, బేస్‌మెంట్ కప్పు అంచున, బయటి గోడ దగ్గర చేత్తో తడిమి చూడండి. మిగతా చోట్ల కన్నా బాగా చల్లగా ఉండి, పైన సన్నని తెల్లటి నూగు పట్టినట్టు కనిపిస్తే అదే చోటు. పైపు ఉబ్బినా, చీలిక కనిపించినా కరిగించే ముందే మెయిన్ మూసేయండి.

చీలిక లేకపోతే కుళాయి తెరిచే ఉంచి, కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి మంచు ఉన్న చోటికి వేడిని తీసుకెళ్ళండి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీటికి దారి ఉండదు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు చాలు. అది లేకపోతే వేడినీళ్ళలో పిండిన తువ్వాలు చుట్టి, చల్లారగానే మారుస్తూ ఉండండి. నేల తడిగా ఉంటే కరెంటు వస్తువులేవీ ముట్టుకోవద్దు. మంట చూపించడం, సలసల మరిగే నీళ్ళు పైపు మీద పోయడం ఎంతమాత్రం వద్దు. గోడలోని చెక్క అంటుకుంటుంది, పైపు ఒక్కసారిగా పగిలిపోతుంది. ఓపిక పట్టాలి. కాసేపటికి కుళాయిలో గాలి బుసకొట్టి, రెండు చుక్కలు రాలి, ధార మొదలవుతుంది. పూర్తి వేగం వచ్చేదాకా వేడి ఆపవద్దు. పైపు గోడ లోపలుంటే గది వేడి పెంచి, అలమర తెరిచి, యజమానికి ఫోను చేసి వేచి ఉండండి. గోడ మీరు కోయవద్దు.

పగిలిపోతే మొదట మెయిన్ వాల్వు, తరవాతే ఫోను. నీళ్ళు కారే వైపు గదుల కరెంటు బ్రేకరు ఆపండి, కాని బ్రేకరు పెట్టె దాకా నీళ్ళలో నడవవలసి వస్తే వెళ్ళవద్దు. కప్పు ఉబ్బితే దాని కింద నిలబడవద్దు. సామాను కదిపే ముందు ఫోటోలు, వీడియోలు తీయండి. తడిసినవి 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పడుతుంది. ఇంటి యజమాని బీమా గోడలకు, కప్పుకు వర్తిస్తుంది. మీ ల్యాప్‌టాప్‌కు, పరుపుకు వర్తించదు. అద్దెకుండేవారి బీమా తీసుకోమని నేను గట్టిగా చెప్పేది అందుకే. హీటరు ఆపి వెళ్ళారని తేలితే బీమా నిరాకరించే అవకాశమూ ఉంది.

మరమ్మతు అద్దెవాళ్ళ పని కాదు. సొంత ఇల్లయితే, ప్లంబరు దొరకని రోజున తాత్కాలికంగా చేయగలిగేది మన ఊళ్ళో తెలిసిన పద్ధతే. నీళ్ళు మూసి, తుడిచి, పగులు మీద మందమైన రబ్బరు ముక్క చుట్టి బిగించడం. మన దగ్గర సైకిలు ట్యూబు, తాడు వాడతాం. అక్కడి ఒత్తిడికి తాడు నిలవదు, ఇనుప క్లాంపులు కావాలి. శాశ్వతంగా చేయాలంటే చీలిన భాగాన్ని రెండువైపులా గట్టి పైపు తగిలేదాకా నిటారుగా కోసి, అంచుల గరుకు తీసి, అదే కొలత కొత్త ముక్కను నొక్కి బిగించే కప్లింగులతో, అంటే రెండు పైపులను అతికే జోడింపు ముక్కలతో, కలపాలి. వీటికి మంట అవసరం లేదు. పైపు ఎంత లోతుకు దిగాలో ముందే గీత పెట్టుకోండి. గీత దాకా దిగకపోతే కారుతుంది.

ఒకే రాత్రి రెండు మూడు చోట్ల పగిలి ఉండవచ్చు. అందుకే కుళాయిలు తెరిచి ఉంచి, వాల్వును నెమ్మదిగా తెరవండి. గాలి పోయాక కుళాయిలన్నీ మూసి మీటరు దగ్గరికి వెళ్ళండి. చాలా మీటర్లలో చిన్న ముక్కోణపు ముల్లు ఉంటుంది. ఇంట్లో ఎవరూ నీళ్ళు వాడకపోయినా అది తిరుగుతుంటే ఇంకెక్కడో కారుతోంది. కోసి తీసిన పైపు ముక్కను మాత్రం పారేయవద్దు, బీమా మనిషి వచ్చి చూసేదాకా ఫోటోలతో పాటు దాచండి.