వానలు మొదలవకముందే: గిటారు పై పలకకు వంపు పెట్టేవారికి జాగ్రత్తలు

అకౌస్టిక్ గిటారు పై పలక చూపుకు చదునుగా ఉంటుంది గానీ నిజానికి చదును కాదు. నడుమ కాస్త ఉబ్బి, అంచులకు పోనుపోను దిగుతుంది. ఉక్కు తీగల గిటారుకు ఈ వంపును సాధారణంగా 25 నుంచి 30 అడుగుల వ్యాసార్ధం గల గోళంలో ఒక ముక్కగా లెక్క కడతారు. వెనుక పలకకు 15 అడుగులు తీసుకునేవారు ఎక్కువ. 28 అడుగుల వ్యాసార్ధంతో చేస్తే, 400 మి.మీ. వెడల్పున్న చోట నడుమ వచ్చే ఎత్తు 2.3 మి.మీ. మాత్రమే. తీగలన్నీ కలిసి 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతుంటే పలక కుంగకుండా ఆ కొద్దిపాటి ఎత్తు తోడ్పడుతుంది. పలక ఎండి కుదించుకున్నప్పుడు పగలకుండా వెసులుబాటు ఇచ్చేదీ అదే. ఇంట్లో సొంతంగా గిటారు చేసుకుంటున్నవారు వానాకాలంలో ఈ పనికి పూనుకునే ముందు ఆలోచించుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

వంపు పెట్టే పద్ధతి చాలామందికి తెలిసిందే. కావలసిన వంపుకు లోతట్టుగా తీసిన పళ్లెంలాంటి అచ్చులో, అంటే రేడియస్ డిష్‌లో పలుచని స్ప్రూస్ (తేలికపాటి చెక్క) పలకను ఉంచి, అడుగు అంచును అదే వంపుకు చెక్కిన బ్రేస్ బద్దలను (పలకకు బలమిచ్చే సన్నని కర్రలను) దాని మీద అతికిస్తారు. జిగురు ఆరాక బద్దలు పలకను వదలవు, పలక వంపును వదలదు. చిక్కంతా ఇక్కడే ఉంది. చెక్క పోగుల వెంబడి దాదాపు పెరగదు, తరగదు. పోగులకు అడ్డంగా మాత్రం తేమ పీలిస్తే పెరుగుతుంది, ఆరితే తగ్గుతుంది. పలక అలా కదలబోతే దాని మీద అడ్డంగా అతుక్కున్న బద్దలు కదలనివ్వవు. అందువల్ల జిగురు పెట్టిన రోజు పలకలో ఎంత తేమ ఉందో, ఆ గిటారు బతికినన్నాళ్లూ దాని వంపు ఆ తేమకే లెక్క చూసుకుంటుంది.

అంకెల్లో చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. గాలిలో తేమ 45 శాతం ఉంటే చెక్కలో తేమ 8 శాతం చుట్టుపక్కల నిలుస్తుంది. గాలిలో తేమ 80 శాతానికి చేరితే చెక్కలో అది 15, 16 శాతానికి పోతుంది. జులైలో విశాఖపట్నం, కాకినాడ వైపు గాలిలో ఆ తేమ మామూలే. వలయాల గీతలు పలక మందంలో నిలువుగా ఉండేలా కోసిన స్ప్రూస్ పలక, చెక్కలో తేమ మారే ఒక్కో శాతానికి తన వెడల్పులో సుమారు 0.15 శాతం మారుతుంది. 400 మి.మీ. పలకకు ఏడు శాతం తేడా వస్తే నాలుగు మి.మీ.! వంపు ఎత్తు 2.3 మి.మీ. అయినచోట వెడల్పులో నాలుగు మి.మీ. తేడాను ఏ బద్దా మోయలేదు. అలా తేమలో చేసిన గిటారు ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరిందనుకోండి. అక్కడ మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతానికి దిగువకు పడిపోతుంది. ముందు వంపు చదునవుతుంది, తీగలు కిందికి దిగి మెడ మీది ఫ్రెట్లకు (లోహపు పట్టీలకు) తగిలి చిరచిరలాడతాయి, ఆ తరువాత పలక రెండు సగాలు కలిసే నడిమి అతుకు పక్కనో, వేళ్లతో తీగలు నొక్కే ఫింగర్‌బోర్డు అంచు వెంబడో పగులు కనిపిస్తుంది.

గిటారు తయారీ మీద మనం చదివే సమాచారంలో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపాల నుంచి వచ్చినదే. అక్కడ చలికాలంలో హీటర్లు వేసిన గదుల్లో గాలి ఎండిపోతుంది కాబట్టి, గదికి తేమ చేర్చండని వారు పదే పదే చెబుతారు. కోస్తాలో వానాకాలం పని చేసేవారు ఆ సలహాను యథాతథంగా పాటిస్తే చేటే. మనం తేమను తీసేయాలి. లక్ష్యం మాత్రం అందరికీ ఒకటే, గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య. ఎటూ తేల్చుకోలేకపోతే 40 వైపు మొగ్గడమే మంచిదని నా అభిప్రాయం. కాస్త పొడిగా ఉన్నప్పుడు చేసిన పలక తర్వాత తేమకు ఉబ్బి తీగల ఎత్తు పెంచుతుంది, దాన్ని సరిచేసుకోవచ్చు. తేమలో చేసిన పలక ఎండితే పగులుతుంది.

మొదట కొలిచే పరికరాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోండి. చవక హైగ్రోమీటర్లు పది శాతం అటూ ఇటూ చూపడం వింత కాదు. సీసా మూతలో ఉప్పు పోసి, కొద్దిగా నీళ్లతో ముద్దగా తడిపి, హైగ్రోమీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రాత్రంతా ఉంచండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ పరికరం 82 చూపితే, అది ఏడు ఎక్కువ చెబుతోందని దాని వీపు మీదే రాసి పెట్టుకోండి.

తరువాత పలకను ఆరబెట్టాలి. ఏసీ గది ఉంటే సరే, డీహ్యూమిడిఫయర్ ఉంటే ఇంకా మేలు. రెండూ లేనివారు పాత బీరువానో ప్లైవుడ్ పెట్టెనో తీసుకుని, అడుగున 40 వాట్ల పాతరకం బల్బు వెలిగించి, పైన గాలి పోయే చిన్న సందు వదిలితే చాలు. ఎల్‌ఈడీ బల్బుకు అంత వేడి రాదు, పనికిరాదు. బల్బుకు చెక్క, గుడ్డ, కాగితం ఏదీ దగ్గరగా ఉండకూడదు. మనుషులు లేనప్పుడు దాన్ని వెలిగించి వదిలేయవద్దు. పలకను ఎండలో పెట్టే ఆలోచన అసలే వద్దు, ఒక పక్క ముందుగా ఎండి అప్పడంలా మెలి తిరుగుతుంది. పెట్టెలో కూడా రెండు పక్కలా గాలి తగిలేలా సన్నని పుల్లల మీద నిలపండి. బ్రేస్ బద్దలను కూడా పలకతో పాటే అందులో పెట్టండి.

ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పలేము, తూచాలి. ఆకారానికి కోయకముందు 3 మి.మీ. మందానికి దించిన స్ప్రూస్ పలక 250 నుంచి 280 గ్రాముల దాకా తూగుతుంది. అందులో తేమ ఒక్క శాతం తగ్గితే బరువు రెండున్నర గ్రాముల చొప్పున తగ్గుతుంది. వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ ఒకే వేళకు తూచి, కోతలో పోయే అంచు మీద పెన్సిల్‌తో తేదీ, బరువు రాయండి. 281, 274, 269, 267, 266, 266... ఇలా అంకె కదలకుండా నిలిచాకే జిగురు సీసా మూత తీయాలి. ఈ ఒక్క జాగ్రత్త పాటించినా సగం ప్రమాదం తప్పుతుంది. తొందర ఉన్నవారు మానేసేది కూడా దీన్నే.

రేడియస్ డిష్‌నూ అనుమానించండి. చాలావరకు ఇవి చెక్క పొడిని జిగురుతో ఒత్తి చేసే ఎమ్‌డీఎఫ్‌తో చేసినవి. తడి నేల మీద ఆనించి వదిలితే అడుగు ఉబ్బి డిష్ వంపే మారిపోతుంది. పని మొదలుపెట్టే ముందు దాని నడుమన స్కేలును అంచు మీద నిలబెట్టి లోతు కొలిచి చూడండి. కొత్త డిష్‌కు రెండు వైపులా షెల్లాక్ అనే లక్క పూత పూస్తే తేమను పీల్చుకోవడం బాగా నెమ్మదిస్తుంది.

బద్దను డిష్‌లోని శాండ్‌పేపర్ మీద రుద్దేటప్పుడు అడుగంతా పెన్సిల్ గీతలు గీసి, అవి మొత్తం చెరిగేదాకా రుద్దండి. తరువాత పలక మీద ఆనించి వెనుక టార్చి వేయండి. వెలుగు సన్నగా తొంగిచూసినా మళ్లీ రుద్దాలి. సందు ఉన్నా ఫరవాలేదు, పైనుంచి గట్టిగా నొక్కితే సరిపోతుందనుకోవద్దు. నొక్కి అతికించిన బద్ద ఆ ఒత్తిడిని లోపలే దాచుకుని, ఉక్కపోత రోజుల్లో జిగురు మెత్తబడినప్పుడు మెల్లగా వదులుతుంది. పలక మీది గుండ్రని రంధ్రానికి, అంటే సౌండ్‌హోల్‌కు పైన, ఫింగర్‌బోర్డు కూర్చునే చోట మాత్రం గోళాకారపు వంపు ఉంచకూడదు. అక్కడ చదునుగా లేకపోతే ఫింగర్‌బోర్డు చివర లేచి, ఆఖరి ఫ్రెట్ల దగ్గర తీగలు తగులుతాయి.

తెల్ల జిగురైనా, పసుపు జిగురైనా, జంతు చర్మంతో కాచే సరేసైనా అందులో నీరుంటుంది. వీలైనంత పలుచగా పూయండి. బయటకు పొంగిన జిగురును తడిగుడ్డతో తుడిస్తే, ఇన్నాళ్లు ఆరబెట్టిన పలకకు మీరే నీళ్లు పట్టినట్టు. అది జెల్లీలా గట్టిపడ్డాక ఉలితో గీసెయ్యండి. సరేసు వాడేవారు దాన్ని 60 డిగ్రీల వేడిలో ఉంచుకోవాలి, బద్దలను కూడా కాస్త వెచ్చబరిస్తే గడ్డకట్టకముందే అతికించే వ్యవధి దొరుకుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వార్త వస్తే ఆ రెండు మూడు రోజులు ఈ పని జోలికి పోవద్దు. కరెంటు పోతే బల్బూ ఆగుతుంది, ఏసీ ఆగుతుంది, జిగురేమో సగంలో ఉంటుంది.

జిగురు ఆరేదాకా బ్రేస్ బద్దలను నొక్కిపట్టేందుకు పైనుంచి వంచి బిగించే గో-బార్‌లుగా వెదురు బద్దలు వాడుతుంటే కళ్లకు అద్దాలు తప్పనిసరి. వంగి బిగిసి ఉన్న బద్ద జారితే నేరుగా మొహం మీదికి వస్తుంది. వెనుక పలకకు, పక్కలకు వాడే రోజ్‌వుడ్ రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఆ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది తెస్తుంది.

బద్దలు అతికాక పలకను బల్ల మీద వదిలేయకండి. పక్కలతో కలిపి గిటారు పెట్టె మూసేవరకు దాని చోటు ఆరబెట్టే బీరువాలోనే. రోజూ పలక పైముఖం మీద అడ్డంగా తిన్నని స్కేలు ఆనించి, నడుమన తాకిస్తూ రెండు అంచుల దగ్గర సందు కొలవండి. 2.3 ఉండవలసినచోట 3.5 చూపితే పలక తేమ పీల్చిందని అర్థం, దాన్ని మళ్లీ ఆరబెట్టేదాకా గిటారు పెట్టె మూయవద్దు. సున్నాకు దగ్గరైతే మాత్రం బద్దలు అతికించినప్పుడే పలకలో తేమ ఎక్కువగా ఉంది. అప్పుడు బద్దలను చిత్రికతో పూర్తిగా తీసేసి, పలకను మళ్లీ తూకం నిలిచేదాకా ఆరబెట్టి, కొత్త బద్దలతో మొదలుపెట్టడం తప్ప వేరే దారి లేదు. రెండు రోజుల పని పోతుంది, పలక మాత్రం దక్కుతుంది.