కోల్డ్ ఫ్యూజన్ వేడితో కరెంటు వస్తుందా? లెక్క ఇలా వేయండి

"పెట్టిన కరెంటుకు ఒకటిన్నర రెట్ల వేడి" అంటూ ఎవరైనా కోల్డ్ ఫ్యూజన్ (మామూలు ఉష్ణోగ్రతలోనే పరమాణు కేంద్రకాలు కలిసి వేడి ఇస్తాయన్న వాదన) వీడియో పంపితే, అది నిజమా కాదా అని వాదనకు దిగకండి. 1989 మార్చిలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అమెరికాలోని యూటాలో దీన్ని సాధించామని ప్రకటించాక చాలా ల్యాబులు చేసి చూశాయి, ఫలితం రాలేదు, ఎక్కువమంది శాస్త్రవేత్తలు దాన్ని పక్కన పెట్టేశారు. సరే, నిజమే అనుకుందాం. అడగాల్సింది ఒక్కటే: ఆ వేడి ఎన్ని డిగ్రీల దగ్గర వస్తోంది?

భారజలంలో (బరువైన హైడ్రోజన్ ఉన్న నీటిలో) పల్లాడియం అనే లోహపు కడ్డీ పెట్టి కరెంటు పంపే సెల్ అది, మామూలు పీడనంలో 100 డిగ్రీల చుట్టుపక్కలే మరిగిపోతుంది. 90 వేసుకోండి. చల్లని వైపు, మే నెల శ్రీకాకుళంలో 35 కంటే తక్కువ ఆశించొద్దు. కెల్విన్‌లోకి మార్చడానికి రెండిటికీ 273 కలిపితే 363, 308. తేడా 55ని 363తో భాగిస్తే 15 శాతం. ఇది కార్నో పరిమితి, ఎంత గొప్ప ఇంజన్ అయినా దాటలేదు. చిన్న యంత్రాలకు అందులో సగం కూడా దక్కదు కాబట్టి 6 శాతం వేయండి, నన్నడిగితే అదీ ఎక్కువే.

ఇప్పుడు 100 వాట్లు పెడితే 150 వాట్ల వేడి, అందులోంచి 9 వాట్ల కరెంటు, అదీ పంపు, ఫ్యాను వాటా తీయకముందు! పెట్టిన 100 వెనక్కి రావాలంటేనే దాదాపు 17 రెట్ల వేడి కావాలి. 540 డిగ్రీల ఆవిరితో నడిచే బొగ్గు ప్లాంటుకైతే 35-40 శాతం వస్తుంది, రెండున్నర మూడు రెట్లు చాలు. కొవ్వాడలో పెడతామంటున్న రకం అణు రియాక్టర్లలో నీటిని గట్టి పీడనంలో 300 దాటిస్తారు, అయినా వేడిలో మూడో వంతే కరెంటవుతుంది.

పది సెల్స్ కలిపితే? వేడి పెరుగుతుంది, డిగ్రీలు కాదు. పది బిందెల గోరువెచ్చని నీళ్ళు ఒకే డ్రమ్ములో పోస్తే మరుగుతాయా?

నమ్మకం కుదరకపోతే పెల్టియర్ ప్లేటు (రెండు వైపుల వేడి తేడాతో కరెంటు ఇచ్చే చిన్న పలక) ఒకటి కొనండి. రెండు వైపులా థర్మల్ పేస్టు రాసి, ఒక వైపు వేడినీళ్ళ గిన్నె, ఇంకో వైపు ఐసు నీళ్ళ గిన్నె ఆనించండి. మీటర్లో వోల్టులు కనిపించగానే సంబరపడొద్దు, ఖాళీ వోల్టేజి ఎవరికైనా వస్తుంది. 2 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, అప్పుడున్న వోల్టుల్ని ఆంపియర్లతో గుణించండి. ఒక వాట్ దాటితే గొప్పే.

కరెంటు వద్దు, వేడిని వేడిగానే వాడదామంటే అది తెలివైన మాట. పలాసలో జీడిపప్పు ఆరబెట్టడానికి, ఉప్పుడు బియ్యం మిల్లులో ధాన్యం నానబెట్టడానికి ఈ డిగ్రీలు పనికొస్తాయి. కానీ అక్కడా పోటీ ఉంది: 60 డిగ్రీల లోపు నీళ్ళకైతే బజారులో దొరికే హీట్ పంపు వాటర్ హీటరే యూనిట్ కరెంటుకు సుమారు 3 యూనిట్ల వేడి ఇస్తుంది, వీడియోలో వాళ్ళు చెప్పేది ఒకటిన్నర.