రెయిడ్‌లోంచి డిస్కు పడిపోతే: లక్షణం, కారణం, మరమ్మతు

రెయిడ్ సెట్ (ఒక డిస్కు పాడైనా డేటా నిలిచేలా కొన్ని డిస్కులను కలిపి కట్టిన గుంపు) ‘డీగ్రేడెడ్’ అని చూపిస్తే డేటా పోయినట్టు కాదు, దాని రక్షణ తగ్గిందంతే. డేటా నిజంగా పోయేది చాలాసార్లు ఆ తర్వాత కంగారులో చేసే పనుల వల్లే. దేన్నీ పీకకముందే ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. ఏ సీరియల్ నంబరు డిస్కు ఏ స్లాటులో ఉందో కాగితం మీద రాసుకోండి. లినక్స్ ఇచ్చే డిస్కు పేర్లు రీబూట్ అయితే మారిపోవచ్చు. ఒక్క డిస్కు పోవడాన్నే తట్టుకునే రెయిడ్ 5లో పాడైనదనుకుని బాగున్నదాన్ని లాగితే సెట్ మొత్తం ఆగిపోతుంది.

డిస్కు సెట్‌లోంచి పడిపోయింది, విడిగా చూస్తే బాగానే ఉంది

స్మార్ట్ రిపోర్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) తెరవండి. 5, 197, 198 నంబర్ల విలువలు పెరుగుతుంటే డిస్కు లోపలే సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు) పాడవుతున్నాయి, మార్చేయాల్సిందే. 199 మాత్రమే పెరుగుతుంటే అనుమానించాల్సింది కేబుల్‌ని. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు కాబట్టి, కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. పెరగకపోతే అదే డిస్కును తిరిగి చేర్చండి. బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుంచుకునే పట్టిక) ఆన్‌లో ఉంటే మారిన భాగాలే సింక్ అవుతాయి.

ఇవేవీ పెరగలేదంటే టైమవుట్ (జవాబు కోసం ఆగే గడువు దాటిపోవడం) గొడవ కావచ్చు. డెస్క్‌టాప్ డిస్కులు చదవలేని సెక్టార్ కోసం నిమిషానికి పైగా కూడా ప్రయత్నిస్తుంటాయి. లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది, హార్డ్‌వేర్ కంట్రోలర్లకు అంత ఓపిక కూడా ఉండదు. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో డిస్కు ఎర్రర్ రికవరీ సమయాన్ని 70కి పెట్టండి. లెక్క సెకనులో పదో వంతుల్లో, అంటే 7 సెకన్లు. పవర్ తీస్తే చాలా డిస్కులు దీన్ని మరిచిపోతాయి, అందుకని బూట్ స్క్రిప్టులో రాయాలి. డిస్కుకు ఆ సదుపాయమే లేకపోతే లినక్స్ వైపు గడువును 180 సెకన్లకు పెంచండి.

రీబిల్డ్ మధ్యలో రెండో డిస్కు కూడా ఎర్రర్ ఇచ్చింది

నెలల తరబడి ఎవరూ చదవని సెక్టార్లలో దాగున్న లోపాలు రీబిల్డ్‌లో, అంటే పోయిన డిస్కు డేటాను మిగతావాటి సాయంతో కొత్తదానిలో తిరిగి రాసేటప్పుడు, బయటపడతాయి. 4 టీబీ డిస్కులు నాలుగున్న రెయిడ్ 5లో ఒకటి పోతే మిగతా 12 టీబీ మొత్తం చదవాలి. చాలా డెస్క్‌టాప్ డిస్కుల స్పెసిఫికేషన్‌లో చదవలేని లోపానికి రాసే పరిమితి సుమారు 12.5 టీబీకి ఒకటి. ప్రతిసారీ అలాగే జరుగుతుందని కాదు గానీ, పెద్ద డిస్కులకు, రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 అడగడం అందుకే.

రీబిల్డ్‌ని మళ్లీ మళ్లీ మొదలుపెట్టకండి. ఎర్రర్ ఇస్తున్న డిస్కును డీడీరెస్క్యూతో (చదవగలిగినంతా కాపీ చేసే ప్రోగ్రాం) కొత్తదానిలోకి కాపీ చేసి, ఆ కాపీతో సెట్ నిలబెట్టండి. చదవలేని చోట్ల ఉన్న కొన్ని ఫైళ్లు పోవచ్చు, మిగతావి దక్కుతాయి. ఇక ముందు నెలకోసారి స్క్రబ్ (డిస్కులన్నిటినీ మొత్తం చదివి సరిచూడటం) పెట్టండి. కొనఊపిరితో ఉన్న డిస్కునైనా ముందే పీకకుండా, కొత్తదాన్ని స్పేర్‌గా చేర్చి ఎండీఆడ్‌మ్ (లినక్స్‌లో రెయిడ్‌ని నడిపే కమాండ్) రీప్లేస్ వాడితే కాపీ పూర్తయ్యేదాకా రక్షణ తగ్గదు.

రెండు మూడు డిస్కులు ఒకేసారి మాయమయ్యాయి

అన్నీ ఒకే క్షణంలో చావడం అరుదు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పవర్ కనెక్టర్, కంట్రోలర్ కార్డు చూడండి. తర్వాత ప్రతి డిస్కు ఈవెంట్ కౌంట్ (సెట్‌లో మార్పు జరిగినప్పుడల్లా పెరిగే అంకె) పోల్చండి. తేడా కొద్దిగానే ఉంటే ఫోర్స్‌తో అసెంబుల్ చేసి (బలవంతంగా మళ్లీ కలిపి), రీడ్ ఓన్లీగా (చదవడానికి మాత్రమే) మౌంట్ చేయండి. క్రియేట్ కమాండ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అది పాత మెటాడేటా (సెట్ ఎలా కట్టారో చెప్పే సమాచారం) చెరిపి కొత్తది రాస్తుంది. డిస్కుల వరుసో, చంక్ సైజో (ఒక్కో డిస్కు మీద ఒక్కోసారి రాసే ముక్క సైజు) తప్పిందా, వెంటనే మొదలయ్యే సింక్ అసలు డేటానే పాడుచేస్తుంది.

రీబిల్డ్ రోజుల తరబడి సాగుతోంది

8 టీబీ డిస్కుకు సెకనుకు 150 ఎంబీ చొప్పున దాదాపు 15 గంటలు మామూలే. అంతకు ఎన్నో రెట్లయితే కొత్త డిస్కు ఎస్‌ఎంఆర్ (ట్రాకులు ఒకదానిమీదొకటి ఒరిగేలా రాసే) రకమేమో మోడల్ నంబరుతో చూసుకోండి. రెయిడ్‌కి సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా రాసే) డిస్కులే తీసుకోవాలి.

కొత్త డిస్కు చిన్నదంటూ చేర్చుకోవడం లేదు

లేబుల్ మీద ఒకే సైజున్నా సెక్టార్ల సంఖ్యలో తేడా ఉండొచ్చు. ఇప్పటికి కాస్త పెద్ద డిస్కు వేయండి. ఇంకోసారి సెట్ కట్టేటప్పుడు ప్రతి పార్టిషన్ చివర 100 ఎంబీ ఖాళీగా వదలండి.