ప్రత్యర్థి క్లబ్బు ఖర్చు గురించి లెక్క తెలిసి మాట్లాడటం ఎలా?

విజయవాడలో కలిసి మ్యాచ్‌లు చూసే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్సెనల్ అభిమానుల మధ్య, ప్రత్యర్థి క్లబ్బు చెల్సీ ప్రస్తావన వస్తే, "డబ్బు తగలేశారు, కోచ్‌ను తీసేశారు" అన్న మాటతోనే చర్చను ముగించకండి. ముందు సంఘటనల క్రమాన్ని సరిచూసుకోండి. 2022 మేలో చెల్సీ యాజమాన్యం మారింది. సెప్టెంబరులో కోచ్ టుకెల్‌ను, 2023 ఏప్రిల్‌లో అతని స్థానంలో వచ్చిన పాటర్‌ను తొలగించారు. ఆ సీజన్‌ను జట్టు ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో 12వ స్థానంలో ముగించింది.

తర్వాత ఖర్చును పరిశీలించాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆటగాడి కొనుగోలు ధరను ఖాతాల్లో ఒకే ఏడాది చూపరు, ఒప్పంద కాలమంతటికీ సమానంగా పంచుతారు. ఆటగాడు ఎంజో ఫెర్నాండెజ్ కోసం చెల్సీ వెచ్చించిన సుమారు 10.7 కోట్ల పౌండ్లను అతని ఒప్పంద కాలమైన ఎనిమిదిన్నరేళ్లకు పంచితే ఏడాదికి వచ్చేది దాదాపు 1.26 కోట్లు, ఐదేళ్లకైతే 2.14 కోట్లు. ఇలాంటి సుదీర్ఘ ఒప్పందాల వల్లనే 2023లో యూరప్ ఫుట్‌బాల్ పాలక సంస్థ యూఈఎఫ్ఏ, ఆపై ప్రీమియర్ లీగ్, కొత్త కొనుగోళ్లకు ఈ పంపకాన్ని ఐదేళ్లకు పరిమితం చేశాయి. అమ్మకాలను కూడా చూడండి: మేసన్ మౌంట్‌లా సొంత అకాడమీలో ఎదిగిన ఆటగాడిని అమ్మితే, అతనికి కొనుగోలు ధర ఉండదు కాబట్టి ఆ సొమ్ము దాదాపు మొత్తంగా అదే ఏడాది లాభం కింద నమోదవుతుంది. అభిమానులకు ప్రాణప్రదమైన ఆటగాళ్లనే క్లబ్బులు వదులుకోవడానికి ఇదొక కారణం కావడం, ప్రత్యర్థి విషయంలోనైనా, నాకు బాధ కలిగిస్తుంది.

కోచ్ మార్పుకూ ఖరీదుంది. పాటర్‌ను తెచ్చుకోవడానికి అతని అప్పటి క్లబ్బు బ్రైటన్‌కు పరిహారం చెల్లించిన చెల్సీ, ఏడు నెలలు నిండకుండానే అతన్ని పంపించింది. అందుకే కోచ్‌ను తప్పుపట్టే ముందు, ఆ ఆటగాళ్లను ఎవరు ఎంపిక చేశారో, వారిని జట్టుగా మలచడానికి అతనికి ఎంత సమయం దొరికిందో తప్పక అడగండి.