బకెట్టు నుంచి బుడ్డి దాకా: కలరా టీకా పని నేర్చుకునేవారికి

కలరా టీకా తయారీకి కావలసిన మొదటి సామగ్రి రోగి మంచం కింద ఉన్న బకెట్టు. ఒడిశాలోని రాయగడ, గుణుపురం కళాశాలల్లో మైక్రోబయాలజీ చదువుతూ నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదటి రోజే ఈ మాట చెబుతాను. హైదరాబాదులో ఒక టీకా సంస్థ నాణ్యత పరీక్షల విభాగంలో పదిహేడేళ్లు పనిచేశాను. అమ్మకు చూపు మందగించాక రాయగడ వచ్చేశాను. మా ఇల్లు నాగావళికి దగ్గర. క్రిములను పెంచే ఫెర్మెంటర్ తొట్టెల గురించి వినాలని వచ్చినవారు నా దగ్గర మలం గురించి అరగంట వినవలసి వస్తుంది.

2007 వానాకాలంలో మా జిల్లాలోని కాశీపూర్ కొండల్లోనూ, పక్కనే కొరాపుట్ జిల్లా దశమంతపూర్ వైపూ కలరా ఊళ్లను ఊడ్చింది. ఇక్కడి ఒడియావారు దాన్ని ఝాడా బాంతి అంటారు. నేనప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నాను. ఒక శిబిరంలో నమూనాలు తీయడానికి మనుషులు చాలడం లేదంటే వెళ్లాను. అప్పటికే అక్కడ దూదిపుల్లలను ఖాళీ గాజు గొట్టాల్లో వేసి ఐసుపెట్టెలో పేర్చి ఉంచారు. రోగులకు ముందే యాంటీబయాటిక్ ఇచ్చేశారు. ఆ గొట్టాల్లో సగానికి పైగా ఏమీ మొలవలేదు. బియ్యం కడిగిన నీళ్లలా పోతున్న మనిషిని కళ్లారా చూశాం, చేతిలో క్రిమి మాత్రం లేదు. ఆ బాధ ఇప్పటికీ నన్ను వదలలేదు. అందుకే ఈ మెట్టు మీద ఎక్కువ సేపు నిలబడతాను.

నమూనా ఇలా తీయండి. యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే దూదిపుల్ల ముంచాలి. ఓఆర్ఎస్ మాత్రం ఒక్క నిమిషం కూడా ఆపకూడదు. నమూనా కోసం రోగి నోటి దగ్గర గ్లాసు ఆపడాన్ని నేను క్షమించను. దూదిపుల్లను, దారిలో క్రిమిని బతికించి ఉంచే క్యారీ బ్లెయిర్ మాధ్యమంలోకి గుచ్చి మూత బిగించండి. కలరా అని అనుమానమైతే మామూలు గది వేడిలోనే పంపండి, ఐసు అక్కర లేదు. రక్తం, జిగురు కనిపించి రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా క్రిమి అని అనుమానం వస్తే చల్లగా పంపాలి. మాధ్యమం దొరకనప్పుడు మలాన్ని రెండు గంటల లోపల ప్రయోగశాలకు చేర్చాలి. కాశీపూర్ దారిలో రెండు గంటలంటే ఏమిటో ఇక్కడివారికి నేను చెప్పక్కరలేదు కాబట్టి గొట్టాలు ముందే తెప్పించి ఉంచుకోండి.

ప్రయోగశాలలో నమూనాను క్షార పెప్టోన్ నీటిలో వేసి ఆరు నుంచి ఎనిమిది గంటలు పెంచండి. కలరా క్రిమి గాలికోసం పైకి వస్తుంది కనుక గొట్టం కలపకుండా పైతరక నుంచే తీసి కలరా జాతి క్రిములను ఎంచి పెంచే టీసీబీఎస్ పళ్లెం మీద గీయండి. తెల్లారేసరికి చదునుగా, పసుపుపచ్చగా మచ్చలు వస్తాయి. పసుపు కనబడగానే సంబరపడవద్దు, ఆ రంగు ఇచ్చే వేరే విబ్రియోలూ, అంటే కలరా క్రిమి జాతివే, ఉన్నాయి. కలరా తెచ్చే ముఖ్య రకమైన ఓ1ను గుర్తుపట్టే యాంటీసీరంతో గుమిగూడితేనే లెక్క. ఆ తరువాత ఓ1లోని ఉపరకాల్లో ఒగావానా, ఇనాబానా అని చూడాలి. 2007లో మన జిల్లాల్లో దొరికింది ఓ1 ఒగావా. ఎల్ టార్ రకమే అయినా పాత క్లాసికల్ రకపు విషం జన్యువును మోస్తున్నదని తేలింది. క్రిమి వేషం మారుస్తుంది. అందుకే టీకా చేసేవారు నమూనాల సేకరణను ఏ ఏడూ ఆపకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ క్రిమిని ఎక్కడ ఆపాలి? కలరా క్రిమి రక్తంలోకి పోదు. చిన్నపేగు గోడకు అంటుకుని విషం వదులుతుంది. ఆ విషం ఉందని కలకత్తాలో శంభునాథ్ డే 1959లో నిరూపించారు. కుందేలు పేగును ముడివేసి, క్రిములను తీసేసిన ద్రవాన్ని ఆ ముడిలోకి ఎక్కించి, అది నీటితో ఉబ్బడం చూపించారు. శత్రువు పేగులో ఉంటే కాపలా కూడా పేగులోనే ఉండాలి కనుక నోటి ద్వారా ఇచ్చే టీకా మేలని నేను గట్టిగా నమ్ముతాను.

నోటి టీకాలోనూ ఒక నిర్ణయం ఉంది. విషంలోని హానిచేయని బి భాగాన్ని కూడా కలిపితే, విరేచనాలు తెచ్చే ఈటెక్ అనే ఈకోలై రకం మీద కూడా కొంత రక్షణ వస్తుంది, ఎందుకంటే దాని విషానికీ కలరా విషానికీ దగ్గరి పోలిక ఉంది. అయితే బి భాగం కడుపులోని ఆమ్లానికి చెడిపోతుంది. దాన్ని కాపాడాలంటే ఆమ్లాన్ని తగ్గించే పొడిని 150 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి తాగించాలి. మంచినీళ్లు లేకనే జబ్బు వచ్చిన ఊళ్లో అన్ని గ్లాసుల మంచినీళ్లు ఎక్కడివి? వియత్నాంలో పుట్టి, కొరియాలోని అంతర్జాతీయ టీకా సంస్థ చేతిలో మెరుగై, హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన శాన్‌కాల్‌లో బి భాగమే ఉండేది కాదు. 1.5 మిల్లీలీటర్లు, నేరుగా నోట్లోకి. 2009లో మన దేశంలో అనుమతి వచ్చింది. మన కొండలకు అదే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. మీరు ఏ టీకా తలపెట్టినా, అది ఎవరి గుమ్మం ముందు విప్పుతారో ముందే ఊహించుకుని పని మొదలుపెట్టండి.

విత్తు అంటే టీకా కోసం పెంచే మూల క్రిమి. దాని ఎంపికలో తొందర వద్దు. వియత్నాం పాత టీకాలో 569బి అనే విత్తు ఉండేది. అది విషం బాగా ఎక్కువగా చేసే రకం కావడంతో తరువాత మార్చేశారు. శాన్‌కాల్‌లో నాలుగు విత్తుల నుంచి తీసిన ఐదు భాగాలు ఉండేవి, ఎందుకంటే కైరో 50 అనే ఒకే విత్తును కొంత వేడితో, కొంత ఫార్మాలిన్‌తో చంపేవారు. వేడికి క్రిమి పైపొరలోని లైపోపాలిశాకరైడ్ నిలుస్తుంది, ప్రోటీన్లు చెదురుతాయి. ఫార్మాలిన్‌తో ప్రోటీన్ల రూపం మెరుగ్గా మిగులుతుంది. భారత్ బయోటెక్ వారి హిల్‌కాల్‌ది మరో దారి. ఒగావా, ఇనాబా గుర్తులు రెండూ మోసే హికోజిమా అనే ఒకే విత్తు. పెంచడం, చంపడం, తూచడం ఒక్కసారే కనుక తయారీ తేలిక.

పెంపకం గురించి పుస్తకాల్లో కావలసినంత ఉంది. చంపిన తరువాతి పరీక్ష గురించి మాత్రం నా మాట వినండి. బ్యాచ్‌లో ఒక్క క్రిమి కూడా బతికి లేదని చూపాలి. కొంత టీకాను పోషక ద్రవంలో వేసి, పెంచి, మళ్లీ పళ్లెం మీద గీసి చూస్తాం. ఒకసారి నా పళ్లెం మీద ఒకే ఒక్క మచ్చ మొలిచింది. పళ్లేనికి బయట నుంచి అంటి ఉంటుందని పైవారు అన్నారు, గడువు దగ్గరపడింది. నేను సంతకం పెట్టలేదు. మూడు రోజుల తరువాత బ్యాచ్ మొత్తం పారబోశారు. ఎన్నో నెలల ఖర్చు, నిజమే. ఆ బుడ్డి చేరేది పసిపిల్ల నోటికి కదా. ఇది తేలాకే లైపోపాలిశాకరైడ్ కొలత, విషం మిగల్లేదన్న పరీక్ష, జంతువుల మీద పరీక్షలు. తయారైన బ్యాచ్‌లు కసౌలీలోని కేంద్ర ఔషధ ప్రయోగశాల తనిఖీకి కూడా వెళ్తాయి.

మనుషుల మీద పరీక్షలో మొదట భద్రత చూస్తారు, తరువాత రక్తంలో విబ్రియోలను చంపే ప్రతిరక్షకాలు కనీసం నాలుగు రెట్లు పెరిగాయా అని చూస్తారు. రక్తం చెప్పే మాట పేగు కాపలాకు నీడ మాత్రమే. అసలు సంగతి జబ్బు వచ్చే ఊళ్లోనే తేలుతుంది. కలకత్తా బస్తీల్లో 2006లో 66 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో పోలిక కోసం కొందరికి ఉత్త నీళ్లు కాక, వేడితో చంపిన హానిలేని ఈకోలై ఇచ్చారు, చూపులో తేడా తెలియకూడదని. ఐదేళ్లకు మొత్తం మీద రక్షణ 65 శాతం. ఐదేళ్ల లోపు పిల్లల్లో 42 శాతమే. మీలో ఎవరైనా ఈ రంగంలో జీవితం పెట్టాలనుకుంటే ఆ 42ను గోడ మీద రాసి పెట్టుకోండి. మాటిమాటికీ విరేచనాలతో నలిగిన పసిపేగు టీకాను సరిగా అందుకోదు.

షిగెల్లా వైపు వెళ్లేవారికి దారి ఇంకా కఠినం. పది నుంచి వంద క్రిములు చాలు జబ్బుకు. రకాలు పదులకొద్దీ, మనిషి జబ్బును సరిగా చూపే చిన్న జంతువు లేదు.

సమ్మతి పత్రం విషయంలో ఒక మాట. కోంధు గిరిజనుల ఊరికి ఒడియాలో అచ్చువేసిన కాగితం తీసుకువెళ్లి వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాదు. వాళ్ల భాష కువి వచ్చిన మనిషి చదివి చెప్పాలి, ఆ పరీక్షతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి, తల్లి తిరిగి మనకు వివరించగలగాలి.

ఇక పంపిణీ. 2011లో పూరీ జిల్లా సత్యబాది బ్లాకులో ప్రభుత్వ సిబ్బందితోనే శాన్‌కాల్ ఇచ్చారు. మొదటి మోతాదు 31,552 మంది తీసుకున్నారు. రెండు మోతాదులూ పూర్తి చేసినవారు 23,751. రెండు మోతాదుల మధ్య రెండు వారాలు. ఆ రెండు వారాల్లో కూలికి పోయేవారు పోతారు, మొదటిసారి రుచి నచ్చని పిల్లలు దాక్కుంటారు. బుడ్డిని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచండి. చనిపోయిన క్రిములు అడుగుకు దిగుతాయి కనుక ఇచ్చే ముందు బాగా కుదపండి, పిల్ల మింగేదాకా నోరు చూడండి. రెండో తేదీ వేసే ముందు ఆ ఊరివారు ఏ వారం సంతకు దిగుతారో, నాట్లు ఎప్పుడో అడగండి. సంత రోజు అయితే మీ పెట్టెను సంత దారిలోనే, కొండ దిగే చోట చెట్టు కింద పెట్టుకుని పొద్దున్నే కూర్చోండి.