ఇంటికీ బడికీ మధ్య ఒక నోటుపుస్తకం (3వ పాఠం)

మొదటి పాఠంలో ప్రత్యేక అవసరాలున్న మన పిల్లల రిపోర్టులన్నీ ఒక ఫైల్లో సర్దుకున్నాం, రెండో పాఠంలో స్కూల్లో మీటింగ్ ఎలా అడగాలో చూశాం. కానీ మీటింగ్ అనేది ఏడాదికి నాలుగుసార్లు, మహా అయితే ఐదుసార్లు. మిగతా రోజులన్నీ మనకీ టీచర్‌కీ మధ్య తిరిగేది బ్యాగులో ఉన్న నోటుపుస్తకం ఒక్కటే. అందులో ఏం రాయాలి, ఎంత రాయాలి అన్నది మనకు ఎవరూ చెప్పరు. నేను రెండేళ్లు తప్పులు రాసి, టీచర్‌తో మాటలు పాడుచేసుకుని, మళ్లీ కలుపుకుని నేర్చుకున్నాను. మీకు రెండు వారాలు చాలు.

మావాడికి తొమ్మిదేళ్లు, ఆటిజం. మేముండేది బెంగళూరులో, కేఆర్ పురం వైపు. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, వ్యాన్లో కన్నడ, పక్క ఫ్లాట్ పిల్లలతో హిందీ. మాటలే తక్కువగా వచ్చే పిల్లాడి చుట్టూ ఇన్ని భాషలు. అందుకే నోటుపుస్తకం మొదటి పేజీతో మొదలుపెడదాం.

చాలామంది మొదటి పేజీలో బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబర్లు రాసి వదిలేస్తారు. అవి స్కూల్ డైరీలో ఎలాగూ ఉంటాయి. మీరు రాయాల్సింది మీ పిల్లల సొంత మాటలు. ఎందుకో చెప్తాను. ఒకటో తరగతిలో మావాడి టీచర్ ఉత్తరాది ఆవిడ, చాలా ఓపిక ఉన్న మనిషి. వీడు కాసేపు రాసి, విసుగొచ్చాక పెన్సిల్ తోసేసి "చాలు, చాలు" అనేవాడు. హిందీలో చాలూ అంటే నడుస్తోంది, ఆన్‌లో ఉంది అని కదా. ఆవిడ పాపం, పిల్లాడికి ఇంకా రాయాలని ఉంది కాబోలు అనుకుని ఇంకో పేజీ తిప్పి ముందు పెట్టేవారు. వాడు తన చెయ్యి తానే కొరుక్కునేవాడు. మూడు నెలలు! ఆ మూడు నెలలూ డైరీలో "రాయనంటున్నాడు, మొండికేస్తున్నాడు" అనే ఉంది. ఒకరోజు వాడి మందు ఇవ్వడానికి వెళ్లి క్లాసు గుమ్మం దగ్గర నిలబడితే ఆ "చాలు" నా చెవిన పడింది. ఆవిడకి అర్థం చెప్పాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ అంతే.

కాబట్టి మొదటి పేజీని నిలువుగా సగానికి గీయండి. ఎడమ పక్క పిల్లలు అనే మాట లేదా చేసే పని, కుడి పక్క దాని అర్థం, మీరు ఇంట్లో ఏం చేస్తారో ఒక్క ముక్క. మా పేజీలో ఇలా ఉంది: "చాలు: ఆపేయమని. ఐదు నిమిషాలు వదిలేస్తే మళ్లీ తనే వస్తాడు." "బయట బయట: బాత్రూంకి, ఆలస్యం చేయకూడదు." "బల్ల మీద అరచేత్తో కొట్టడం: చప్పుడు ఎక్కువైంది." పది మాటలు దాటనివ్వకండి, పేజీ నిండితే ఎవరూ చదవరు.

ఇక్కడే ఒక మాట. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి అని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నాకు ముగ్గురు చెప్పారు, అందులో ఒకరు ఫీజు తీసుకుని మరీ చెప్పారు. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాటలు వెనకబడతాయని పరిశోధనల్లో తేలలేదు. వాడు నానమ్మతో మాట్లాడేది తెలుగులోనే, ఉన్న నాలుగు మాటల్లోంచి అవి కూడా తీసేసి ఏం బావుకుంటాం?

ఇక రోజూ రాసే రాత. "ఈరోజు క్లాసులో చాలా డిస్టర్బ్ చేశాడు." ఎర్ర ఇంకుతో ఈ వాక్యం చూడని తల్లి మనలో ఉండదు. దీనికి జవాబేం రాస్తాం? నేను మొదట్లో "సారీ మేడం, ఇంట్లో చెప్తాను" అని రాసేదాన్ని. ఏం చెప్తాను, నా మొహం, పొద్దున పదకొండింటికి ఏం జరిగిందో రాత్రి ఎనిమిదింటికి వాడికి ఎలా చెప్తాను? తర్వాత కోపమొచ్చి అరపేజీ అరపేజీ రాయడం మొదలెట్టాను, మీరు వాడిని అర్థం చేసుకోవట్లేదు, మీకు ట్రైనింగ్ లేదు అంటూ. దాంతో టీచర్ రాయడమే మానేశారు. రెండు వారాల పాటు ఖాళీ పేజీలు. ఆ ఎర్ర ఇంకే నయమనిపించింది.

"డిస్టర్బ్ చేశాడు" అనేది తీర్పు, అందులో జరిగినదేమీ లేదు. మనకి కావల్సినవి మూడు ముక్కలు: అంతకుముందు ఏం జరుగుతోంది, పిల్లాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఎవరేం చేశారు. స్పెషల్ ఎడ్యుకేటర్లు దీనికి పెద్ద పట్టికలు ఇస్తారు. నలభై మంది పిల్లలున్న టీచర్‌కి ఆ పట్టిక ఇచ్చి నింపమంటే జరగదు, అడగడం కూడా తప్పే. ముందు మన పక్క నుంచి మనం రాయాలి, అదీ మూడు లైన్లలో. ఉదాహరణకి నేను రాసినది:

"రాత్రి 1 నుంచి 3 వరకు మెలకువగానే ఉన్నాడు. పొద్దున ఒక్క ఇడ్లీ తిన్నాడు. మొదటి పీరియడ్‌లో నిద్రపోవచ్చు."

అంతే. జాగ్రత్తగా చూసుకోండి, ప్లీజ్ అర్థం చేసుకోండి లాంటివి వద్దు. ఆ మూడు లైన్లతో టీచర్‌కి ఆరోజు పని తేలికవుతుంది, ఇలా ఓ వారం నడిస్తే ఆ పుస్తకం తనకీ పనికొస్తుందని ఆవిడకే తెలుస్తుంది. అప్పుడు ఒకే ఒక్కటి అడగండి. నేను అడిగింది ఇది: "వాడు గొడవ చేసినప్పుడు పక్కన టైం ఒక్కటి వేయండి చాలు, మిగతాది నేను ఆలోచిస్తాను."

ఆవిడ వేశారు. రెండు వారాల్లో నాలుగుసార్లు: 11:20, 11:25, 11:20, 11:30. నాలుగూ మంగళవారం, శుక్రవారమే. టైంటేబుల్ చూస్తే మంగళవారం లెక్కలు, శుక్రవారం ఈవీఎస్ (పరిసరాల పాఠం), రెండింటికీ పొంతన లేదు. టీచర్‌కీ తెలియలేదు, నాకూ తెలియలేదు. చెప్పింది ఎవరంటే ఆ ఫ్లోర్ ఆయమ్మ, హిందూపురం ఆవిడ. సాయంత్రం గేటు దగ్గర ఊరికే మాటల్లో అడిగితే "అయ్యో అక్కా, ఆ టైముకి కింద బ్యాండు కొడతారు కదా, గోడలన్నీ అదురుతాయి" అంది. అలవాటైపోయి టీచర్‌కి ఆ చప్పుడే వినిపించట్లేదు. పార్ట్‌నర్‌షిప్ అంటే ప్రిన్సిపల్ గదిలో ఏసీ కింద కూర్చోవడం అనుకుంటాం గానీ, ఆయమ్మనీ వ్యాన్ డ్రైవర్ అన్ననీ పలకరించని వాళ్లకి సగం విషయాలు తెలియవు.

నేనైతే హెడ్‌ఫోన్స్ కొనిస్తానని రాయబోయాను. ఆగి, ఏం చేద్దామంటారు మేడం అని రాశాను. 11:15కి అటెండెన్స్ రిజిస్టర్ ఇచ్చి రెండో అంతస్తు ఆఫీసుకి పంపుతాను, అక్కడ బిస్కెట్ తిని నెమ్మదిగా వస్తాడు అని ఆవిడే అన్నారు. ఆ ఏర్పాటు ఏడాదంతా నడిచింది. అది ఆవిడ ఆలోచన కాబట్టి నడిచింది, నేను చెప్పి ఉంటే వారానికి మర్చిపోయేవారు.

ఇంగ్లీషు రాయడం రాదని ఆగకండి. నేను ఊరెళ్లినప్పుడు మా అత్తయ్యగారు తెలుగులోనే రాసి పంపారు, కన్నడ టీచర్ కూడబలుక్కుని చదివేశారు. రెండు లిపులూ చుట్టాలే కదా. ఫీజుల సంగతి, వ్యాన్ ఆలస్యాలు, పక్క పిల్లాడి మీద ఫిర్యాదు మాత్రం ఈ పుస్తకంలోకి రానివ్వకండి, వాటికి ఈమెయిల్ ఉంది.

మరి చట్టం సంగతేంటి అంటారా. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. గుర్తింపు ఉన్న స్కూళ్లు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలని, ప్రతి విద్యార్థి ప్రగతినీ గమనిస్తూ ఉండాలని 16వ సెక్షన్ చెబుతుంది. మొదటి రోజే ఆ కాగితం బల్ల మీద పెట్టకండి, అవతలి వాళ్లు బిగుసుకుపోతారు. బ్యాగులో ఉంచుకోండి. దానికి బదులు, వారానికోసారి నోటుపుస్తకం పేజీలు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఎప్పుడైనా "మీవాడు ఇక్కడ ఇమడట్లేదండీ" అనే మాట వస్తే, తేదీలతో సహా ఏది పనిచేసిందో మీ చేతిలో ఉంటుంది. పై తరగతుల్లోనూ పనికొస్తుంది. సీబీఎస్‌ఈ పరీక్షల్లో దివ్యాంగ విద్యార్థులకు మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట ఇస్తారు, రెండు భాషలకు బదులు ఒకటే చదివే వీలుంది. వాటికి కావల్సింది వైకల్య సర్టిఫికెట్ గానీ, మీ పిల్లకి ఎక్కువ టైం కావాలా, రాసిపెట్టే మనిషి కావాలా అన్నది ఈ పుస్తకం చూస్తేనే తేలుతుంది.

ఈ వారం పని. వంద పేజీల రూళ్ల పుస్తకం ఒకటి కొనండి, స్కూల్ పుస్తకాల్లో కలిసిపోకుండా వేరే రంగు అట్ట వేయండి. ఆదివారం కూర్చుని మొదటి పేజీ గీయండి, ఇంట్లో ఉన్న అందరినీ అడిగి మరీ. నాకు తెలియని రెండు మాటలు మా ఆయనకి తెలుసు! సోమవారం నుంచి ఐదు రోజులు మూడేసి లైన్లు. జవాబు రాకపోయినా రాయండి, ఒకటి రెండు రోజులు నాన్న చేతిరాత పడితే ఇంకా మంచిది. రెండో వారం టైం అడగండి.

వచ్చే పాఠంలో ఐఈపీ, అంటే పిల్లాడికి విడిగా రాసే చదువు ప్లాన్. అమెరికాలో 1975 నాటి చట్టంతో మొదలైన పద్ధతి, అక్కడ ప్లాన్ రాసే బృందంలో తల్లిదండ్రులు ఉండి తీరాలి. మనకి తరచుగా టైపు చేసిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటారు. ఈలోగా అలాంటిది చేతికొస్తే "ఇంటికి తీసుకెళ్లి చదివి పంపుతానండీ" అని తెచ్చేసుకోండి, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని లైను లైను చూద్దాం.